చిన్న చేతుల హునర్

సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. ఈ మాట జుమా ఖుత్బాల్లో ఎన్నోసార్లు విన్నాం. ఒకరు నమ్మి అప్పగించిన వస్తువును పోకుండా కాపాడితే సరిపోదు, దాని స్వభావం చెడకుండా కూడా చూడాలి. పిల్లల విషయంలో మొదటి పని బాగానే చేస్తున్నాం. తిండి, బట్ట, బడి ఫీజు, ట్యూషన్, ఖుర్ఆన్ పాఠం - ఉన్నంతలో అన్నీ సమకూరుస్తున్నాం. రెండో పనికే తీరిక చాలడం లేదు. ఈ పిల్లవాడు ఎలాంటివాడు? వీడి మనసు దేని మీద ఉంది? తన గురించి తాను ఏమనుకుంటున్నాడు? ఇలా అడిగే తల్లిదండ్రులు తక్కువ. అడిగినా పిల్లలు మాటల్లో చెప్పలేరు. తొమ్మిదేళ్ల వాణ్ణి కూర్చోబెట్టి "నువ్వెలాంటివాడివి బేటా?" అంటే దిక్కులు చూస్తాడు. అదే వాడి ముందు అట్టముక్క, కత్తెర, రంగులు, జిగురు పెట్టి మనం కాస్త పక్కకు తప్పుకుంటే గంటలో చాలా సంగతులు బయటపడతాయి.

చేతిపనిని ఉర్దూలో దస్త్‌కారీ అంటాం. చేతికి పట్టుబడిన నేర్పును హునర్ అంటాం. మేము చాలా ఏళ్లుగా పిల్లల చేత ఉర్దూ, అరబీ అక్షరాలు దిద్దిస్తున్నాం. పాఠం అప్పజెప్పమంటే నోరు విప్పని పిల్లలు చేత్తో ఏదైనా చేస్తున్నప్పుడు గలగలా మాట్లాడటం మాకు తెలిసిన విషయమే. అయితే దీనికి ఒక షరతు ఉంది. పని చేసే పద్ధతి పెద్దలు నేర్పాలి. ఏ వస్తువు చేయాలన్నది మాత్రం పిల్లలకే వదిలిపెట్టాలి. ఈ షరతు తప్పితే చేతిపని కూడా మరో హోంవర్కుగా మారిపోతుంది.

రెక్కల గుర్రం

అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఒక చక్కని సంఘటన ఉంది. హజ్రత్ ఆయిషా (ర) ఆడుకునే బొమ్మలు ఒకసారి దైవప్రవక్త (స) కంటపడ్డాయి. వాటి మధ్యలో ఒక గుర్రం ఉంది. దానికి గుడ్డపీలికలతో చేసిన రెండు రెక్కలున్నాయి. ఇవేమిటని ఆయన అడిగారు. తన బొమ్మలని ఆమె చెప్పారు. మధ్యలో ఉన్నదేమిటని అడిగారు. గుర్రమని చెప్పారు. గుర్రానికి రెక్కలా అని ఆయన ఆశ్చర్యపోతే, సులైమాన్ ప్రవక్త (అ) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె ఎదురు అడిగారు. దైవప్రవక్త (స) పలువరుస కనిపించేలా నవ్వారు.

తల్లిదండ్రులు ఈ సంఘటనను నిదానంగా గమనించాలి. గుర్రానికి రెక్కలుండవని ఆయన దిద్దలేదు. ఇలాంటి పనులతో కాలం వృథా అని మందలించలేదు. అడిగారు, విన్నారు, సంతోషించారు. ఆ రెక్కల వెనుక ఆమె విన్న కథ ఉంది, ఆమె ఊహ ఉంది. అడగకపోతే అది బయటికి వచ్చేది కాదు. పిల్లల చేతిపని పట్ల పెద్దలు ఎలా నడుచుకోవాలో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం మాకు కనిపించలేదు.

చేతిపనిని చిన్నచూపు చూడటం మన ధర్మంలో లేదు. హజ్రత్ దావూద్ (అ) రాజై ఉండి కూడా తన చేతి కష్టంతోనే తిన్నారని బుఖారీ హదీసు చెబుతోంది. ఆయన ఇనుముతో కవచాలు చేసేవారని దివ్య ఖుర్ఆన్‌లో ఉంది. విశ్వాసుల మాత హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (ర) తోలుపనిలో నేర్పరి. ఆ పని చేసి వచ్చినదాన్ని పేదలకు దానం చేసేవారు.

నాలుగు జ-లు

తెలుగునాట ముస్లిం పిల్లలు మూడు నాలుగు లిపుల మధ్య పెరుగుతారు. బడిలో తెలుగు, ఇంగ్లీషు. మక్తబ్‌లో అరబీ. కొన్ని ఇళ్లలో ఉర్దూ. నూర్‌బాషా కుటుంబాల వంటి చాలా ఇళ్లలో తెలుగే మాతృభాష. ఒకే పిల్లవాడి పేరు హాజరుపట్టీలో ఒకలా, ఆధార్ కార్డులో మరోలా, మార్కుల జాబితాలో ఇంకోలా ఉంటుంది. స్నేహితులు దాన్ని సగానికి కుదిస్తారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ పిల్లలకు తమ పేరే తమ మొదటి ఆస్తి.

జుబేర్, జాకిర్, జియా, జఫర్ - ఈ నాలుగు పేర్లు తెలుగులో ఒకే 'జ'తో మొదలవుతాయి. ఉర్దూలో జుబేర్‌కు 'జే', జాకిర్‌కు 'జాల్', జియాకు 'జ్వాద్', జఫర్‌కు 'జోయ్'. జమీల్ వస్తే 'జీమ్', అది అయిదో అక్షరం. ఈ సంగతి చెప్పి, ఎవరి అక్షరం ఏదో వెతికి పెద్దదిగా కత్తిరించి అట్ట మీద అతికించమంటే తరగతిలో సందడి చూడాలి. "నాది జోయ్, నీది జాల్" అని పిల్లలు గర్వంగా చెప్పుకుంటారు. ఎంత బెదిరించినా కంఠతా రాని అక్షరాలు ఆ పూట వచ్చేస్తాయి. తన పేరులో తన అక్షరం దొరికింది గనుక!

గజాలా అనే పేరు చూడండి. అరబీ, ఉర్దూలలో దానికి లేడి అని అర్థం. తెలుగు బడిలో ఆ పేరు వినగానే తోటి పిల్లలకు గజం గుర్తుకు వస్తుంది, అంటే ఏనుగు. ఆ పేరుగల ఒక విద్యార్థిని తన నోటు పుస్తకాల మీద పేరు రాసేది కాదు. పొడి అక్షరం వేసి ఊరుకునేది. ఎందుకమ్మా అంటే "ఏనుగు అని ఏడిపిస్తారు" అంది. పేరు దాచుకునే పిల్ల మెల్లగా తననే దాచుకోవడం మొదలుపెడుతుంది. పలకరిస్తే తల వంచుకుంటుంది, జవాబు తెలిసినా చెయ్యి ఎత్తదు. ఉపన్యాసాలతో ఈ బాధ తీరదు.

పుస్తకంలో పెట్టుకునే గుర్తు అట్టలు అందరూ చేస్తున్న రోజు ఆమెకు పేరు అర్థం చెప్పాం. లేడి బొమ్మ వేస్తానంది. ఇంట్లో తల్లి ఒప్పుకోలేదు. జీవుల బొమ్మలు వేయకూడదంది. ఆ పిల్ల మర్నాడు చేసుకువచ్చిన అట్ట మీద లేడి లేదు. పచ్చగడ్డి, రెండు చెట్లు, గడ్డి మధ్య సన్నని డెక్కల ముద్రలు ఉన్నాయి. "లేడి ఇప్పుడే ఇటు పోయింది" అంది. కింద తన పేరు పూర్తిగా రాసుకుంది, తెలుగులోనూ ఉర్దూలోనూ. ఏడిపించేవాళ్లు మరికొన్నాళ్లు ఏడిపించారు. ఆ అట్ట మాత్రం పుస్తకంలో నుంచి పోలేదు. అడిగినవాళ్లకు అర్థం చెప్పడం ఆమెకు అలవాటైంది.

బొమ్మల సంగతి

జీవుల బొమ్మల గురించి చాలామంది తల్లులకు సందేహం ఉంటుంది. ఈ విషయంలో ఉలమాల మధ్య వివరాల్లో భేదాభిప్రాయాలున్నాయి. పిల్లల ఆటబొమ్మలను చాలామంది పండితులు వేరుగా చూశారు. ఎవరి ఇంటి పద్ధతి వారిది. సందేహమున్నవారు తాము నమ్మే ఆలింను అడగవచ్చు. మేము చెప్పదలచుకున్నది మరొకటి. చిత్రాలు వేసి బతికే ఒక మనిషి హజ్రత్ ఇబ్న్ అబ్బాస్ (ర) దగ్గరకు వస్తే ఆయన ఆ మనిషిని ఉత్త చేతులతో పంపలేదు. చెట్లను, ప్రాణం లేని వస్తువులను వేసుకొమ్మని దారి చూపారు. ఇది బుఖారీలో ఉంది. పిల్లలను "వద్దు" అని ఆపినచోట "ఇది చెయ్యి" అని మరో తలుపు తెరవడం పెద్దల బాధ్యత.

ఆ తలుపు చిన్నదేమీ కాదు. ఆకులు, తీగలు, పూలు, నక్షత్రాలు, అక్షరాలు - వీటితోనే ముస్లిం కళాకారులు ప్రపంచమంతా కట్టడాలను నింపారు. 1591లో కట్టిన చార్మినార్ మీది సున్నపు పనిని పిల్లలకు దగ్గరగా చూపించండి. కుతుబ్‌షాహీ సమాధుల వద్ద ఏ కమాను పైన ఏ పువ్వు ఉందో కాగితం మీద దింపుకోమనండి. పెన్సిలు, స్కేలు, వృత్తలేఖిని ఉంటే ఎనిమిది కోణాల నక్షత్రం గీయడం ఆరో తరగతి పిల్లలకు కష్టం కాదు. లెక్కలంటే భయపడే పిల్లలు కూడా ఆ నక్షత్రం కుదిరే దాకా వదలరు.

కలం ఒకటే

ఖర్చు లేకుండా ఇంట్లో మొదలుపెట్టదగిన పని ఖుష్‌ఖతీ, అంటే అందమైన దస్తూరి. చూపుడువేలంత లావు వెదురుపుల్ల తీసుకుని, కొస చెక్కి, నాలుకను ఏటవాలుగా కోస్తే కలం తయారవుతుంది. కోసే పని పెద్దలదే. చాకు పిల్లల చేతికి ఇవ్వరాదు. నల్ల సిరా, నునుపు కాగితం చాలు. కలం నాలుకను కాగితం మీద ఒకసారి అద్దితే పడే నాలుగు పలకల చుక్కే కొలత. అలిఫ్ ఎన్ని చుక్కల ఎత్తు ఉండాలి, బే ఎన్ని చుక్కల వెడల్పు ఉండాలి అని దానితోనే లెక్క. ఈ కొలతల పద్ధతిని క్రీ.శ. 940లో మరణించిన బాగ్దాద్ వజీరు ఇబ్న్ ముఖ్లాకు ఆపాదిస్తారు.

అదే కలంతో తెలుగు అక్షరాలు కూడా రాయించండి. గుండ్రని తెలుగు అక్షరం వెడల్పు నాలుక కింద లావుగా, సన్నగా మారుతూ కొత్త అందంతో వస్తుంది. సలీం అనే పేరు ఉర్దూలో నాలుగు అక్షరాలు - సీన్, లామ్, యే, మీమ్. తెలుగులో రెండక్షరాలు, ఒక సున్నా. ఉర్దూ కుడి అంచు నుంచి బయలుదేరుతుంది, తెలుగు ఎడమ అంచు నుంచి. ఒకే కాగితం మీద రెండు వైపుల నుంచి రాయిస్తే ఒకే పేరు రెండు దారుల్లో నడిచి మధ్యలో కలుసుకుంటుంది. మా ఇంటి భాష వేరు, బడి భాష వేరు అని బెంగపడే పిల్లలకు ఈ కాగితం చాలా ధైర్యం ఇస్తుంది.

కలంకారీ అనే మాటలో ఉన్నది కూడా ఈ కలమే. పారశీకంలో కలం, కారీ అంటే కలంతో చేసే పని. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు. మచిలీపట్నం, పెడన ప్రాంతంలో చెక్క అచ్చులతో అద్దుతారు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇరాన్‌తో సాగిన వ్యాపారం వల్ల పారశీక తీగలు, పూలు మచిలీపట్నం బట్ట మీదికి వచ్చాయి. కరక్కాయ, పాలు కలిపి బట్టను నానబెట్టడం, ఇనుప ముక్కలు బెల్లం నీటిలో ఊరవేసి నలుపు తీయడం వంటి పనులు చూస్తే సైన్సు పాఠమే. కృష్ణా జిల్లా వైపు బంధువులున్నవారు సెలవుల్లో పిల్లలకు ఈ పని చూపించవచ్చు. ఇంట్లో అయితే బెండకాయను అడ్డంగా కోసి రంగులో అద్దితే చక్కని పువ్వు పడుతుంది. పాత దిండు గలీబు మీద తమ పువ్వులు తామే అద్దుకున్న పిల్లలు ఆ దిండు ఇంకెవరికీ ఇవ్వరు!

బీదర్ నగరం పేరు మీద వచ్చిన బిద్రీ పని హైదరాబాదులోనూ ఉంది. తుత్తునాగం, రాగి కలిపిన లోహం మీద వెండిని పొదుగుతారు. బీదర్ కోట మట్టి కలిపిన ద్రావణంలో ముంచితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం మెరుస్తూ నిలుస్తుంది. ఈ పనిలో జీవితం గడిపిన బీదర్ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ వచ్చింది. లోహం పని పిల్లలది కాదు గానీ, నల్ల అట్ట మీద చాక్లెట్ల వెండి కాగితం కత్తిరించి అతికిస్తే బిద్రీ అందం వారి చేతికి అందుతుంది.

అందరూ మసీదే గీయాలా?

గుర్తింపు అనగానే పెద్దలు పిల్లల చేత నెలవంక, మినారు గీయిస్తారు. మంచిదే. కానీ ముప్పై మంది పిల్లలు ముప్పై ఒకే రకం మసీదులు గీస్తే అందులో గీయించిన మాస్టరు కనిపిస్తాడు, పిల్లలు కనిపించరు. పండుగకు జరిగిన ఒక పోటీలో లారీ డ్రైవరు కొడుకు అట్టతో లారీ చేశాడు. అద్దం పైన ఉర్దూలో మాషా అల్లాహ్ అని, వెనక తలుపు మీద తెలుగులో తండ్రి పేరు, తన పేరు రాశాడు. చక్రాలకు సీసా మూతలు బిగించాడు. విషయానికి సంబంధించినది కాదని నిర్వాహకులు దాన్ని పక్కన పెట్టారు. మా దృష్టిలో ఆ పోటీలో అన్నిటికన్నా విషయమున్న వస్తువు అదే. తన తండ్రి ఎవరో, తండ్రి కష్టం ఏమిటో, తన ధర్మమేమిటో, తనకు ఇష్టమైనదేమిటో ఆ పిల్లవాడు జానెడు అట్టలో చెప్పాడు.

మన పిల్లవాడు ముస్లిం, తెలుగువాడు, ఫలానా వీధివాడు, క్రికెట్ పిచ్చివాడు, పావురాలంటే ప్రాణమిచ్చేవాడు. ఇవన్నీ కలిస్తేనే వాడు. ఒకటి తీసి మిగతావి కప్పేయకూడదు.

అలాగే సూది ఆడపిల్లలదే, సుత్తి మగపిల్లలదే అనే విభజన కూడా మానాలి. దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, తన బట్టలు తానే కుట్టుకునేవారు, చెప్పులు బాగుచేసుకునేవారు అని హజ్రత్ ఆయిషా (ర) చెప్పారు. మన నూర్‌బాషా కుటుంబాల్లో తరతరాలుగా దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టింది మగవాళ్లే కదా! నానీ పాత చీరలతో కుట్టిన బొంతలో ఏ ముక్క ఎవరి పెళ్లి చీరదో చెప్పించి, పిల్లల చేత కూడా ఒక చదరం కుట్టించండి. తమ ముక్క ఏ బట్టతో చేయాలో వారినే ఎంచుకోనివ్వండి.

వస్తువు చివరికి ఎవరిది?

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. హునర్ పేరు చెప్పి పిల్లలను చాకిరీలోకి దించే దురాచారం మన బస్తీల్లో ఉంది. జరీ మగ్గం ముందు, లక్క గాజుల కొలిమి దగ్గర కళ్లు, ఊపిరితిత్తులు పాడుచేసుకున్న పిల్లలు ఎందరో. బాలకార్మిక నిషేధానికి 1986లో వచ్చిన చట్టాన్ని 2016లో సవరించారు. 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నేరం. బడి వేళల తర్వాత, సెలవుల్లో, ప్రమాదం లేని కుటుంబ వృత్తిలో సాయపడటానికి మాత్రం మినహాయింపు ఉంది. ఆ మినహాయింపును సాకుగా వాడుకుని బడి మాన్పించేవారు అల్లాహ్ ముందు కూడా జవాబు చెప్పుకోవాలి.

చేతిపనికీ చాకిరీకీ తేడా తెలుసుకోవడానికి ఒక ప్రశ్న చాలు. తయారైన వస్తువు చివరికి ఎవరిది? అది పిల్లవాడిదైతే, చేయాలా వద్దా అన్నది వాడి ఇష్టమైతే, అది చదువు. వస్తువు సేఠ్‌దైతే, వేళ్ల నొప్పి మాత్రం పిల్లవాడిదైతే, అది చాకిరీ.

చేతిపని చదువులో భాగం కావాలన్నది కొత్త ఆలోచన కాదు. గాంధీజీ ప్రతిపాదన మీద 1937లో వార్ధాలో ఏర్పడిన బేసిక్ విద్యా కమిటీకి అధ్యక్షుడు డాక్టర్ జాకిర్ హుసేన్. 1897లో హైదరాబాదులో పుట్టి, 1967లో రాష్ట్రపతి అయిన ఆయన చేతిపని చుట్టూ చదువు అల్లాలన్న ప్రణాళికను ఆనాడే దేశం ముందు ఉంచారు. 2020 జాతీయ విద్యా విధానం కూడా 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు సంచి లేకుండా స్థానిక వృత్తి నిపుణుల దగ్గర పని నేర్పాలని చెప్పింది. మన పిల్లలు చదివే బడికి వెళ్లి హెడ్మాస్టరు గారిని అడగండి. మన వీధి దర్జీ చాచా, వడ్రంగి మేస్త్రి, కలంకారీ అద్దకం పనివారు బడికి వచ్చి నేర్పితే అన్ని మతాల పిల్లలకూ మేలే.

తల్లిదండ్రులకు కొన్ని మాటలు

పిల్లల చేతిలోని పనిని లాక్కుని మన చేత్తో దిద్దవద్దు. వంకరగా ఉన్నా వారి గీత వారిదే. "ఏంట్రా ఈ చెత్త, చదువు మానేసి?" అనే మాట నోట రానివ్వకండి. "దీని సంగతి చెప్పు బేటా" అనండి. చెప్పింది వినండి.

అన్నతో, పక్కింటి పిల్లతో పోల్చవద్దు. చేసిన వెంటనే సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి స్టేటస్ పెట్టే ముందు చేసినవారిని అడగండి. నలుగురి మెప్పు కోసం చేయడం అలవాటైతే మనసులోది చేత్తో చెప్పడం మరిచిపోతారు.

ఈద్ ముబారక్ సందేశాలు ఫోన్లలో వందలకొద్దీ వచ్చిపోతున్నాయి. ఈసారి పిల్లల చేత అయిదారు కార్డులు చేయించండి. రెండు బంధువులకు, మిగతావి బడిలోని తెలుగు స్నేహితులకు. లోపల సేమ్యాకు ఆహ్వానం తెలుగులో, సంతకం తన ఉర్దూ అక్షరాల్లో. తన పేరు ఎలా పలకాలో ఆ స్నేహితుడికి నేర్పే అవకాశం కూడా అప్పుడే వస్తుంది.

ఇంట్లో గోడ మీద మూరెడు చోటు పిల్లలకు వదలండి. తమ వస్తువు ఏది తగిలించాలో, ఎప్పుడు తీయాలో వారే నిర్ణయించుకుంటారు. తీసినవాటిని పారేయకుండా వెనుకవైపు తేదీ వేసి పెట్టెలో దాచండి. తేదీ మీరు వేసినా ఫరవాలేదు. ముందువైపు పేరు మాత్రం వారి చేత్తో వారే రాయాలి, పూర్తిగా.